లచ్చవ్వ దవా లైటు

2021 మే నెలాఖరులో నన్ను ‘ఇంటి పరికరాల ఫాలో-అప్’ అనే పనికి వేశారు. అప్పటికి నేను సూరత్‌లో, సచిన్ పారిశ్రామికవాడకు వెళ్లే రోడ్డు మీదున్న ఒక ట్రస్టు దవాఖానాలో ఫిజియోథెరపీ సీనియర్ టెక్నీషియన్ని. మా విభాగంలో హోదాలు మూడే. పైన డాక్టరు, మధ్యలో సీనియర్ టెక్నీషియన్, కింద జూనియర్ టెక్నీషియన్. జూనియర్ మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. అందుచేత ఆ రోజుల్లో పని పురమాయించేదీ నేనే, తలవంచి చేసేదీ నేనే. నాతో నాకు ఎన్నడూ గొడవ రాలేదు.

మహమ్మారికి ముందు మా విభాగం ఎంత సందడిగా ఉండేదో ఇప్పుడు చెబితే నమ్మరు. నేను ఏం చెప్పినా నమ్మరన్నది వేరే సంగతి. పొద్దున్నే తలుపు తీసేసరికి రాత్రి పాళీ దిగిన మగ్గాల కార్మికులు బెంచీల నిండా కూర్చుని ఉండేవారు. పాళీ అంటే సూరత్‌లో షిఫ్టు. ఒకరికి నడుము, ఒకరికి మెడ, ఒకరికి మోకాలు. వేడి మైనం తొట్టి వాసన, ట్రాక్షన్ బల్ల గొలుసు చప్పుడు, టైమర్ల గణగణ. వచ్చేవాళ్లలో సగం మంది మా కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్లే కాబట్టి గది మొత్తం మా ఊళ్ల భాషతో హోరెత్తేది. మా నాన్న కూడా మగ్గం మీద పని చేయడానికే ఇక్కడికి వచ్చాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు మొద్దుబారాయి. చిన్నప్పటి నుంచి ఇంట్లో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ నాకు ఈ గొంతు, ఆ గొంతుకు తగ్గ కథలు అబ్బాయి.

ఇన్‌ఫ్రారెడ్ దీపం దగ్గర ఆ కథలు వృత్తిపరంగా కూడా పనికొచ్చేవి. ఆ దీపం పెట్టే ముందు ఒక పరీక్ష ఉంటుంది. రెండు గాజు గొట్టాల్లో ఒకదానిలో వేడినీళ్లు, ఒకదానిలో చల్లనీళ్లు పోసి, పేషెంటును కళ్లు మూసుకోమని చర్మానికి ఆనించి, ఏది వేడి, ఏది చల్లన అని అడుగుతాం. తేడా చెప్పలేకపోతే దీపం పెట్టం. ఎందుకంటే చర్మం కాలుతున్నా అతనికి తెలియదు. ఆ తర్వాత దూరం కొలిచి, టైమర్ తిప్పి, పేషెంటు చేతికి పిలుపు గంట ఇస్తాం. ఇవన్నీ అయ్యాక రాత్రి పాళీ మనిషి హాయిగా నిద్రపోతాడు. అదే ప్రమాదం. అందుకని నేను కథ మొదలుపెట్టేవాణ్ని. గుబురు మీసాలాయన ఒకరు దీపం ముందు కునికాడనీ, మీసం వేగిన కమ్మని వాసనకు రోడ్డవతల లోచో అనే సూరత్ టిఫిను బండి మీదికి జనం ఎగబడ్డారనీ, బండివాడు ఆయన్ని రోజూ వచ్చి కునకమని బతిమాలాడనీ. నవ్వే మనిషి నిద్రపోడు. మా డాక్టరు భావనాబెన్ ఈ పద్ధతిని పుస్తకాల్లో చూడలేదు గానీ ఆపమనీ అనలేదు.

రెండో విడత జ్వరాలప్పుడు ఇదంతా మూతపడింది. మా పని దగ్గరగా నిలబడి, ఒంటి మీద చేయి వేసి చేసేది. అది కుదరదన్నారు. అదే సమయంలో ఎల్ఈడీ లైటు చికిత్స పరికరాలు ఆన్‌లైన్‌లో వెల్లువలా వచ్చిపడ్డాయి. మొటిమలకు ముఖాన పెట్టుకునే మాస్కులు, కీళ్ల నొప్పులకు చుట్టుకునే పట్టీలు, గోడకు ఆనించే పలకలు. పలక అంటే పెద్ద రాతపలకంత పెట్టెలో వరసలుగా చిన్న చిన్న బల్బులు. వాటిలో కొన్ని ఎర్రగా వెలుగుతాయి, కొన్ని కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వదులుతాయి. ఈ రెండో రకం బల్బులు చూడ్డానికి ఆరిపోయినట్టే ఉంటాయి. పాడయ్యాయేమోనని జనం కళ్లు దగ్గరపెట్టి చూస్తారు. ఎర్ర బల్బుకు కన్ను చికిలిస్తుంది, రెప్ప వాలుస్తుంది. కనబడని వెలుగుకు కన్ను ఆ జాగ్రత్త పడదు. సగం సమస్య ఇక్కడే.

ఈ పరికరాలు కొన్నవాళ్లు మాకు ఫోన్లు చేయసాగారు. కొన్నది మేం రాసిచ్చి కాదు. అయినా భావనాబెన్, మనం వద్దంటే మానరు, సరిగ్గా వాడమంటే కొందరైనా వింటారు అని చెప్పి, వారంలో కొన్ని రోజులు ఫోన్ల మీద, ఒక రోజు ఇళ్లకు తిరుగుతూ ఈ పని చూడమని నాకు అప్పగించారు. నేను అడగవలసినవి ఆవిడే ఖరారు చేశారు. మొదట మందులు. కొన్ని యాంటీబయాటిక్కులు చర్మాన్ని వెలుగుకు సున్నితం చేస్తాయి. ఆ రోజుల్లో అలాంటి బిళ్లలు ఇంటింటా మింగారు కాబట్టి ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఆ తర్వాత కంటి జబ్బులు, మూర్ఛ, వెలుగుకు లేచే తలనొప్పి, గర్భం, లైటు పడేచోట అనుమానపు మచ్చలు. వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడిగేదాకా స్విచ్చి ముట్టకూడదు. ఏవీ లేకపోతే అప్పుడు వాడకం: పెట్టెతో వచ్చిన నల్ల అద్దాలు తప్పనిసరి, కాగితంలో రాసిన దూరం తగ్గించకూడదు, టైమర్ మోగాక మళ్లీ తిప్పకూడదు, బామ్ రాసుకుని కూర్చోకూడదు, తీగ చిట్లినా పెట్టె మరీ వేడెక్కినా ఆపేయాలి.

‘ఎక్కువసేపు పెడితే ఎక్కువ లాభం కదా’ అన్నది అందరి ప్రశ్న. మగ్గాల మనుషులకు నేను దారానికి పట్టించే గంజితో జవాబు చెప్పేవాణ్ని. గంజి తగినంత ఉంటే దారానికి బలం, ఎక్కువైతే పెళుసు. మరో మాట అవసరం ఉండేది కాదు.

పాత పరిచయమున్న మా వైపు మనిషి లచ్చవ్వ నాకు ఈ ఫోన్ల ద్వారానే మళ్లీ తగిలింది. ఆమె, ఆమె భర్త అంజయ్య ఉన్ అనే పేటలో, కార్మికులు ఉండే గదుల వరసలో పై అంతస్తున ఉండేవారు. అంజయ్య మగ్గాల షెడ్డులో, సూరత్ మాటలో ఖాతాలో మాస్టరు, అంటే మగ్గం మొరాయిస్తే సరిచేసేవాడు. లచ్చవ్వ సచిన్‌లో ఒక మిల్లులో చెకింగ్ టేబుల్ మీద పని చేసేది. ఆ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. పాలగాజు పరిచిన బల్ల, కింద ట్యూబులైట్లు. మగ్గం దిగిన తెల్లబట్టను ఆ గాజు మీదుగా లాగుతుంటే కింది నుంచి వెలుగు వస్తుంది. తెగిన దారం, దాటిపోయిన పోగు, చిల్లు, నూనె మరక ఏదైనా ఆ పరుగులోనే పట్టుకోవాలి. కళ్లు మూసుకోవడం, పక్కకు తిప్పడం ఆ టేబుల్ దగ్గర చాలా పెద్ద తప్పు. ఏళ్ల తరబడి వెలుగులోకి రెప్పవేయకుండా చూసే అలవాటు వాళ్లది. లచ్చవ్వ కళ్లకు మిల్లులో పేరుండేది. సేటు చొక్కా జేబులోని నోటు ఎంతదో బట్టలోంచే చెప్పేదని నేను ప్రచారం చేసేవాణ్ని. ఆమె కాదనేది కాదు.

బట్ట లాగీ లాగీ ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. మా వాడుకలో ఫ్రోజెన్ షోల్డర్. చేయి పైకెత్తి జడ వేసుకోలేని స్థితి. కూతురు శ్వేత తల్లి కోసం ఆన్‌లైన్‌లో ఒక ఎర్ర లైటు పలక తెప్పించింది. ఆ పిల్ల పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. ఫోనులో నాతో ఇలా మాట్లాడింది:

“మామా, పలక ఎకదమ్ మస్తుగున్నది. గని మమ్మీకి టైమ్ ఎంత పెట్టాలె, కేట్లూ దూర్ రాఖవానుం, గదంత నువ్వే సమ్‌జాయించు.”

ఎంతసేపు, ఎంత దూరం అన్నీ సమ్‌జాయించాను. మందులేమీ వాడటం లేదు, కంటి జబ్బు లేదు. లైటు నొప్పిని కొంత తగ్గిస్తుందేమో గానీ భుజాన్ని విప్పేది కసరత్తేనని ముందే చెప్పాను. గోడ మీద వేళ్లు పాకించడం, కర్ర పట్టుకుని చేయి లేపడం నేర్పాను. జాకెట్లు కుట్టేవాళ్లు వాడే సుద్దతో గచ్చు మీద గీత గీయించి, కుర్చీ ఆ గీత దాటి ముందుకు రాకూడదన్నాను.

వర్షాలు మొదలయ్యాక అంజయ్య ఫోన్ చేశాడు. నన్ను లచ్చవ్వ అన్నా అని పిలుస్తుంది కాబట్టి అతనికి నేను బావను.

“బావా, భుజం సంగతి నాకు తెల్వది గని, నీ చెల్లె కండ్లు మండుతున్నయ్ అంటున్నది. తలకాయ నొప్పి. తెల్లగోడ దిక్కు చూస్తే పచ్చపచ్చగ మచ్చలు అవుపడ్తున్నయంట. నీ లైటేమన్న కొట్టిందా?”

“అద్దాలు పెట్టుకుంటున్నదా?”

“పెట్టుకుంటది. నా ముందల్నే పెట్టుకుంటది. నల్లద్దాలు పెట్టుకొని కూసుంటే సీబీఐ ఆఫీసర్ లెక్క ఉంటది.”

ఫోను లచ్చవ్వకు ఇమ్మన్నాను. దూరం, సమయం, అద్దాలు, రోజుకు ఎన్నిసార్లు, అన్నీ అడిగాను. అన్నింటికీ పాఠం అప్పజెప్పినట్టు సరైన జవాబులే వచ్చాయి. చివర్లో ఆమె గొంతు తగ్గించి వేరే సంగతి చెప్పింది. మిల్లు మళ్లీ పూర్తిగా తెరుస్తున్నారు. చెకింగ్ వాళ్లందరినీ తీసుకోరు, సగం టేబుళ్లే నడుస్తాయి. ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి ట్రయల్ పెడతారు. అందరికీ తప్పులున్న తాకా ఒకటి ఇస్తారు. తాకా అంటే మగ్గం దిగిన ఒక నిండు బట్ట చుట్ట. ఎవరు తప్పులన్నీ పడితే టేబుల్ వాళ్లది.

“కండ్లకు ఏమన్న అయిందని బయట అనకు అన్నా. మిల్లుల చెవులు ఎక్కువ.”

ఆమెకు కళ్లంటే ఆ టేబులే. భావనాబెన్‌కు చెప్పాను. ఆవిడ రెండు మాటల్లో తేల్చారు: లైటు ఈ రోజు నుంచే ఆపు, రేపు ఇంటికి వెళ్లి కళ్లారా చూసి రా.

వెళ్లాను. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర, చేతులకు గ్లవ్స్. మెట్లెక్కుతుంటే పక్కగది ముసలమ్మ నన్ను చూసి శవాన్ని తీసుకుపోవడానికి వచ్చాననుకుని ఏడుపు లంకించుకుంది. శ్వేత వచ్చి, లైటు చూసే మామ అని సర్దిచెప్పింది.

మా పనిలో ‘చేసి చూపించమనడం’ అని ఒక పద్ధతి ఉంది. పేషెంటు చెప్పేది విని ఊరుకోం. మన ఎదుట మొదటి నుంచి చివరిదాకా చేయిస్తాం, మధ్యలో నోరెత్తం. స్విచ్చి వేయకుండా మిగతాదంతా చేయమన్నాను. లచ్చవ్వ భుజం తడిగుడ్డతో తుడుచుకుంది, కుర్చీని సుద్ద గీత వెనక్కి జరిపింది, ముందు అద్దాలు పెట్టుకుని ఆ తర్వాతే స్విచ్చి దగ్గర చేయి పెట్టింది, టైమర్ తిప్పింది, ముఖం గోడ వైపు తిప్పి భుజం మాత్రం పలకకు చూపించింది. నేను నేర్పిన జూనియర్లలో కూడా ఇంత శుద్ధంగా చేసినవాళ్లు లేరు. తప్పు పట్టడానికి సందే దొరకలేదు.

పలకను తిప్పి చూశాను. తీగ బాగానే ఉంది. అద్దాలు కళ్లకు పెట్టుకుని చూశాను, పక్కల నుంచి వెలుగు దూరే సందు లేదు. ఇక ఏం చేయాలో తోచక వాళ్లు ఇచ్చిన చాయ్‌ని దూరంగా, కిటికీ దగ్గర కూర్చుని తాగాను.

అంజయ్య ఊరుకోలేదు. “ఏంది బావా, ఇంజన్ విప్పినవ్ గని బీమారీ దొరకలేదా? మా మగ్గాలల్ల గిట్లనే మెకానిక్‌లు వస్తరు. చాయ్ తాగి పోతరు.”

“చాయ్ మంచిగున్నదనన్న జెప్తరు వాళ్లు,” అంది లచ్చవ్వ. “అన్న గదీ జెప్పలే.”

“మామా, నీ కథ ఒకటి జెప్పు,” అంది శ్వేత. “ఘణా దినోం సే వినలే, మస్తు రోజులాయె.”

పని తెగనప్పుడు కథ చెప్పడం నాకు అలవాటే. ఎదురుగా చెకింగ్ మనిషి ఉంది కాబట్టి చెకింగ్ కథే అల్లాను. సలాబత్‌పురాలో పూర్వం ఒక చెకింగ్ మాస్టరు ఉండేవాడనీ, ఆయన చూపుకు భయపడి దారాలు వాటంతటవే ముడిపడేవనీ మొదలుపెట్టాను. ఒకనాడు ట్యూబులైట్లన్నీ కాలిపోతే, సేటు పండుగకు కట్టిన ఎర్ర బల్బుల తోరణం తెచ్చి గాజు కింద పడేశాడు. మాస్టరు ఆ ఎర్ర వెలుగులోనే బట్ట లాగించాడు. ఆవగింజంత నూనె మరకలు కూడా ఒక్కటి వదలకుండా పట్టేశాడు. ఆ నూనె ఏ మగ్గంలోదో, ఏ డబ్బాలోదో, ఆ డబ్బా అమ్మిన దుకాణం ఏ సందులో ఉందో—

“ఉండన్నా,” అంది లచ్చవ్వ. “అబద్ధం ఆడినా జర అందంగ ఆడాలె. ఎర్ర లైటుల నూనె మరక యాడ అవుపడ్తది?”

“ఎందుకు అవుపడదు?”

“అవుపడదు. తెగిన దారం అవుపడ్తది, చిల్లు అవుపడ్తది. నూనె మరక పసుపు రంగుల ఉంటది గద, దాన్ని ఎర్ర లైటు మింగేస్తది. బట్టంత ఒక్కతీరుగ ఎర్రగనే ఉంటది. ఎన్ని తీర్ల తిప్పి చూసినా—”

అక్కడ ఆగింది. మిల్లులో కింద ఉండేవి తెల్ల ట్యూబులైట్లు. ఎర్ర లైటు ఏ మరకను మింగుతుందో చెకింగ్ మనిషికి తెలియవలసిన అవసరమే లేదు.

“ఎన్ని తీర్ల తిప్పి చూసినవ్ చెల్లె?” అన్నాను.

లచ్చవ్వ కొంగు సర్దుకుంటూ మంచం కిందికి చూసింది. శ్వేత మంచం కింది నుంచి ట్రంకుపెట్టెను లాగింది. అందులో ఒక తెల్లచీర, పాత మిల్లుబట్ట ముక్కలు మడతలు పెట్టి ఉన్నాయి. తల్లి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేసేదో మాకు అప్పుడు ఆమె నోటే తెలిసింది. భుజానికి లైటు పెట్టుకోవడం పద్ధతిగా ముగించాక, నల్లద్దాలు తీసి పెట్టెలో పెట్టేది. పలకను ట్రంకుపెట్టె మీద వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద బట్ట పరిచి, స్విచ్చి వేసి, మిల్లులో లాగినట్టు లాగుతూ తప్పులు వెతికేది. ఇన్ని నెలలు టేబుల్ లేక చూపు తప్పిపోతుందేమోనని సాధన. ఎదుటివాళ్ల మగ్గం ఆగినా తన కన్ను ఆగకూడదని.

“అద్దాలు పెట్టుకుంటే బట్ట అవుపడదు గదన్నా,” అంది.

“గంతసేపు ఎట్ల చూసినవే?” అన్నాడు అంజయ్య.

“ట్యూబులైటు ముందల పాళీ పాళీ కూసున్నదాన్ని, గీ బుడ్డ లైటు నన్నేం జేస్తది? మల్ల గిది దవా లైటు. భుజానికి మంచిదైనప్పుడు కండ్లకు చెడ్డదెందుకైతది అనుకున్న. రెండు పనులు ఒక్కపారే అయితయ్ అనుకున్న.”

“సేటు టేబుల్ ఇస్తడు గని కొత్త కండ్లు ఇస్తడానే?”

“టేబుల్ లేకుంటే గీ కండ్లతోని నీ మొగమే చూస్కుంట కూసోవాలె. దానికన్న మచ్చలే నయం.”

శ్వేత నవ్వబోయి ఆపుకుంది. అంజయ్య నా వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు.

నేను ఆమెకు చెప్పింది ఇది. మిల్లు టేబుల్ కింది ట్యూబులైటు వెలుగు పాలగాజులో చెదిరి, పలచబడి కంటికి వస్తుంది. పలకలోని బల్బులకు ఆ చెదరగొట్టే గాజు లేదు. ఒక్కో బల్బు సూటిగా కొడుతుంది. పైగా బట్ట మీదికి వంగినప్పుడు సుద్ద గీత దూరం ఎక్కడిది? కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కూడా నేరుగా కంట్లోకే. ఎర్రదాన్ని అంతసేపు చూసిన కన్నుకు తెల్లగోడ ఆకుపచ్చగా కనబడటం చాలావరకు అలసటే, తగ్గిపోతుంది. ఆ వెలుగు కంటి లోపల ఏమైనా చేసిందా అన్నది మాత్రం నేను చెప్పలేను. కంటి డాక్టరు చూడాలి. ఈ చివరి మాట నేను కథ గొంతుతో చెప్పలేదు. అయినా ఆమె కొంచెంసేపు నా ముఖంలోకి చూసింది, ఎక్కడ నవ్వుతానో అని. నా ముఖానికి మాస్కు ఉండటం ఆ పూట అడ్డమైంది. మాస్కు పైన ఉన్న కళ్లతోనే నమ్మించవలసి వచ్చింది.

“సరే పోదాం,” అంది చివరకు. “గని మిల్లుల తెల్వద్దు.”

కంటి డాక్టరు చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, లోపలి పొర చూశారు. శాశ్వతమైన మచ్చ ఏదీ కనబడలేదు. కళ్లు ఎండిపోయి బాగా అలసి ఉన్నాయి. చుక్కల మందు రాసి, మళ్లీ చూపించేవరకు పలక మాట అలా ఉంచి, ఏ వెలుగు బల్ల ముందూ కూర్చోవద్దన్నారు. ట్రయల్ ఆ తేదీకి ముందే ఉంది. భావనాబెన్ లచ్చవ్వను పిలిచి, ఆగగలిగితే ఆగమనీ, వెళ్తే ఏమవుతుందో తెలిసే వెళ్లమనీ చెప్పారు. మా పని అంతవరకే. నిర్ణయం పేషెంటుది.

లచ్చవ్వ ట్రయల్‌కు వెళ్లింది. అక్కడ జరిగింది నాకు ఆమే చెప్పింది, మా దవాఖానా వరండాలో, బిగ్గరగా, పక్క బెంచీల మీదివాళ్లు కూడా వినేటట్టు.

“తాకా మీద ఎన్ని తప్పులున్నయో అన్నీ పట్టినన్నా. ఒక్కటి ఇడవలే. మాస్టర్ శాబాష్ అన్నడు. గక్కడ ఊకోవాలె గద. ఇంక మూడు తప్పులు చూపెట్టిన. గిక్కడ పచ్చమరక, గక్కడ పచ్చమరక, గీ అంచున పచ్చమరక. మాస్టర్ బట్టను తిప్పి చూసె, మల్ల తిప్పి చూసె. ఎండల పెట్టి చూసె. ఏం లే. బెన్, యే మాల్ తో సాఫ్ ఛే అన్నడు, గీ బట్ట సాఫే ఉన్నదని.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంటనన్నా. ధోతే ధోతే నికల్ గయా హోగా అన్న, ఉతకంగ ఉతకంగ పోయిందేమో అని.”

ఆ బెంచీల మీద నవ్వు చాలాసేపు ఆగలేదు. చెకింగ్‌లో, ఉన్న తప్పును వదిలే కన్నుకన్నా లేని తప్పును పట్టే కన్నుతోనే ఎక్కువ నష్టం. మంచి బట్టను చెడ్డదని పక్కన పడేస్తే సేటు ఊరుకోడు. ఆమె టేబుల్ వేరే ఆమెకు వెళ్లింది. లచ్చవ్వను ఫోల్డింగ్‌లో వేశారు. అంటే చెకింగ్ అయిన బట్టను మడతపెట్టే పని. హోదాలో ఒక మెట్టు కింద.

ఆమె కళ్లు బాగుపడ్డాయి. తర్వాతి పరీక్షలోనూ లోపల దెబ్బ కనబడలేదని డాక్టరు చెప్పారు. భుజం బిగుతు కూడా వీడింది. అందులో లైటు వాటా ఎంతో నేను చెప్పలేను. గోడ మీద వేళ్లు పాకించడం, ఆ పైన ఫోల్డింగ్‌లో రోజంతా చేతులు చాచడం, ఈ రెండింటి వాటా పెద్దదనే నా అంచనా. చెకింగ్ టేబుల్ మాత్రం నేను ఉద్యోగం మానేసే నాటికి కూడా ఆమెకు తిరిగి రాలేదు. ఒకసారి మిల్లులో కలిసినప్పుడు అడిగితే, “మడతల పని మంచిగనే ఉన్నదన్నా, నీ కథల లెక్క. కండ్లు మూసుకొని జేసినా నడుస్తది,” అంది. ఆ మాట అంటూ పక్కన పెట్టిన తాకా అంచును రెండు వేళ్లతో ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. అది ఆమె పని కాదు. అంచులో ఒక తప్పు ఉంది, చెకింగ్‌లో ఎవరో అప్పటికే దాన్ని చూసి వదిలేసి ఉండాలి. నోరు విప్పకుండా మడతపెట్టేసింది.

మరి కొంతకాలానికి మా విభాగం పాత పద్ధతిలో తెరిచారు, గానీ సగం యంత్రాలు కొత్తవి, పేషెంట్లు తక్కువ. యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. వేడి మైనం వాసన, రాత్రి పాళీ వాళ్ల బెంచీ కబుర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుకొస్తాయి.

ఆ కేసు తర్వాత ఫాలో-అప్ ప్రశ్నల్లో భావనాబెన్ ఒకటి చేర్చారు. అన్ని సూచనలూ అయ్యాక చివర్లో అడగాలి: ఈ లైటుతో ఇంట్లో ఇంకేం పని చేస్తున్నారు? మొదట్లో నాకే నవ్వొచ్చింది. జవాబులు వినడం మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. ఒకాయన దాని ముందు తడిసిన మాస్కులు ఆరబెడుతున్నాడు. ఒకావిడ పసిపిల్లను ఆడించడానికి ఎర్ర దీపం చూపిస్తోంది. ఒక ఇంట్లో కరెంటు మిగులుతుందని రాత్రిపూట గుడ్డిదీపంగా వాడుతున్నారు, మంచం పక్కనే, కళ్ల ఎత్తున. వీళ్లందరూ చికిత్సను మాత్రం నేను చెప్పినట్టే చేస్తున్నారు, అద్దాలు పెట్టుకుని, దూరం కొలుచుకుని. వీటిలో ఒక్కటి కూడా నేను అల్లింది కాదు. అల్లడానికి నాకు అంత శక్తి లేదు.

ఇంట్లోకి వచ్చిన పరికరం ఇంటి వస్తువు అయిపోతుంది. దానికి ఆ ఇంటి మనుషులు తమ పనిలోని అవసరాన్ని బట్టి ఉపయోగం కనిపెడతారు. అందుచేత దాన్ని ఎలా వాడాలో నేర్పడం సగం పని. టైమర్ మోగాక దాన్ని ఎక్కడ పెడుతున్నారో, అద్దాలు తీశాక ఎవరు దాని వైపు చూస్తున్నారో కనుక్కోవడం మిగతా సగం. నేను సర్వీసులో ఉన్నంతకాలం రెండో సగానికే ఎక్కువ సమయం పట్టింది.